ఊరకాకిని గమనించడం ఎలా: వరంగల్ చుట్టుపక్కల వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

పక్షులను చూడాలంటే పాకాలకో ఏటూరునాగారం అడవికో పోవాలని చాలామంది అనుకుంటారు. కెమెరా సర్దుకుని తెల్లవారకముందే బండి తీస్తారు. ఆ బండి తీసేటప్పుడు గేటు మీద కూర్చుని అరుస్తున్న కాకి వైపు మాత్రం తలెత్తి చూడరు. కాకి గురించి తెలియనిదేముంది అని అందరి ధీమా. మరి మీ వీధి కాకులు పోయిన వేసవిలో ఏ చెట్టు మీద గూడు పెట్టాయి? చీకటి పడ్డాక ఎటు పోతాయి? మీ గోడ మీద వాలేది ఊరకాకా, బొంతకాకా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన వాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

నేను చెప్పే పద్ధతి చాలా సులువు. ఒకే చోటు ఎంచుకోండి. అక్కడి కాకులనే, వీలైతే రోజూ అదే వేళకు, ఏడాది పాటు చూడండి. ఊళ్లు తిరిగి వంద రకాల పక్షులను ఒక్కోసారి చూసినదానికన్నా ఇలా చూస్తే ఎక్కువ తెలుస్తుంది. ఒక నోట్‌బుక్, పెన్ను, టైం చూసుకోవడానికి ఫోను ఉంటే చాలు. బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. కాకి మనకు పది అడుగుల దూరంలోనే బతికే పక్షి.

ముందు మెడ చూడండి

మన దగ్గర కాకులు రెండు రకాలు. ఊళ్లో ఎక్కువగా కనిపించేది ఊరకాకి. దీని శాస్త్రీయ నామం కోర్వస్ స్ప్లెండెన్స్. పొడవు సుమారు 40 సెంటీమీటర్లు, బరువు 250 నుంచి 350 గ్రాముల మధ్య ఉంటుంది. నుదురు, నడినెత్తి, గొంతు, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు. ఎండ పడితే ఆ నలుపు మీద నీలం, ఊదా మెరుపు తేలుతుంది. మెడ చుట్టూ, వీపు పైభాగం, రొమ్ము మాత్రం బూడిద రంగు. గుర్తు పట్టడానికి ఈ బూడిద మెడ ఒక్కటి చాలు.

రెండోది బొంతకాకి. ఊరకాకి కంటే పెద్దది, 46 నుంచి 50 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒళ్లంతా నలుపే, బూడిద రంగు ఎక్కడా ఉండదు. ముక్కు బాగా లావుగా, పైన వంపు తిరిగి ఉంటుంది. ముక్కు మొదట్లో నుదురు నిటారుగా లేస్తుంది. హనుమకొండ నడిబొడ్డున ఊరకాకులదే రాజ్యం. ములుగు దారి పట్టి అడవి దగ్గరవుతున్న కొద్దీ బొంతకాకి ఎక్కువవుతుంది. అడవిలో చిరుతపులి లాంటి జంతువు దేన్నైనా చంపితే ముందుగా పసిగట్టి అరిచేది బొంతకాకే. అలాగని అది ఊళ్లోకి రాదనుకోవద్దు. పెద్ద చింతచెట్లు, మర్రిచెట్లు ఉన్న చోట రెండూ కలిసే కనిపిస్తాయి. అలాంటి చోటు దొరికితే వదలకండి, పక్కపక్కన చూస్తే తేడా ఒక్క పూటలో ఒంటబడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెలుగుకు ఎదురుగా నిలబడి చూస్తే ఊరకాకి కూడా మెడతో సహా నల్లగానే కనిపిస్తుంది. అందుకే పొద్దు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. బూడిద రంగు కూడా అన్ని ప్రాంతాల్లో ఒకేలా ఉండదు. వాయవ్యాన ఎండు ప్రాంతాల్లో బాగా లేతగా, దేశం దక్షిణపు కొసన, శ్రీలంకలో ముదురుగా ఉంటుంది. ఆడ, మగ తేడా చూపుకు అందదు. అప్పుడప్పుడు రెక్కలో ఒకటి రెండు తెల్ల ఈకలున్న కాకి కనిపిస్తుంది. అలాంటిది మీ వీధిలో ఉంటే మీ అదృష్టం, ఆ ఒక్క పక్షిని ఏడాదంతా గుర్తు పట్టవచ్చు.

పేరులో కాకి ఉన్నవన్నీ కాకులు కావు. భద్రకాళి చెరువులో రాయి మీద రెక్కలు చాపి ఆరబెట్టుకునే నీటికాకి వేరే కుటుంబానికి చెందిన పక్షి. పొదల్లో నడుస్తూ కనిపించే, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు ఉన్న జెముడుకాకి కోకిల జాతికి దగ్గరిది. మగ కోకిలను చూసి కూడా కాకి అనుకునేవాళ్లున్నారు. దాని ముక్కు లేత ఆకుపచ్చగా, కళ్లు ఎర్రగా ఉంటాయి, తోక పొడవు.

ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు

ఊరకాకి ఆవాసాన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు: మనిషి. మనుషులు లేని చోట ఊరకాకి బతుకు సాగదు. నట్టడవిలో వెతికితే దొరకదు, ఆ అడవిలో పది గడపల గూడెం ఉంటే దొరుకుతుంది. ఈ మనిషి తోడు ఎంత దూరం పోయిందంటే, మన వైపు నుంచి వెళ్లిన ఊరకాకులు తూర్పు ఆఫ్రికా తీరంలో పాతుకుపోయి అక్కడి పక్షుల గూళ్లను దోచుకుంటున్నాయి. వాటి బెడద భరించలేక కెన్యా ప్రభుత్వం 2024లో పది లక్షల కాకులను తగ్గించే పథకం ప్రకటించింది. ఇక్కడ పితృదేవతల పేరుతో అన్నం పెట్టించుకునే పక్షి అక్కడ మందు పెట్టి చంపాల్సిన తెగులైంది.

కాబట్టి చోటు కోసం దూరం పోవద్దు. తిండి, నీళ్లు, పెద్ద చెట్టు, ఈ మూడూ దగ్గరదగ్గరగా ఉన్న చోటు చూసుకోండి. కూరగాయల మార్కెట్ వెనుక వైపు, మటన్ దుకాణాల వీధి, వడ్డేపల్లి చెరువు కట్ట, కాజీపేట స్టేషన్ బయట, ఖిలా వరంగల్ కోట గోడల దగ్గరి చింతచెట్లు, ఏదైనా సరే. అన్నిటికన్నా మేలైనది మీ మేడ పైకప్పు. రోజూ పోగలిగిన చోటే మంచి చోటు.

పొద్దున మొదటి గంట, సాయంత్రం చివరి గంట బంగారం లాంటివి. మే నెలలో ఐదున్నరకే లేవాలి, జనవరిలో ఆరున్నరకు లేచినా సరిపోతుంది. మధ్యాహ్నం ఎండలో కాకులు నోరు తెరుచుకుని నీడలో కూర్చుంటాయి. చెమట పట్టని ఒళ్లు కాబట్టి నోటి ద్వారానే వేడిని వదులుకుంటాయి. అది జబ్బు అనుకుని కంగారు పడకండి.

తిండి దగ్గర గమనించండి

కాకి ఏం తింటుందని అడిగితే తిననిది చెప్పడం తేలిక. వంటింటి ఎంగిలి, చచ్చిన ఎలుక, బల్లి, మిడత, వేపపండు, మొక్కజొన్న, వేరే పక్షుల గుడ్లు, వానాకాలం సాయంత్రాల్లో లేచే ఉసిళ్లు, బర్రె వీపు మీది గోమార్లు, ఎండాకాలం ముందు బూరుగు పూలలోని తేనె. వీటిలో మీ వీధి కాకి ఏ నెలలో ఏది తింటుందో రాసుకుంటే అదే పెద్ద విషయం.

తినే తీరు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎండిపోయిన చపాతీ ముక్కను పిట్టగోడ మీద వేసి, కాస్త దూరంలో నీళ్ల తొట్టి పెట్టి చూడండి. కాకి ముక్కను ఎత్తుకుని తొట్టి అంచు మీద వాలుతుంది. నీళ్లలో ముంచుతుంది, తీస్తుంది, ముక్కుతో నొక్కి చూస్తుంది, మెత్తబడకపోతే మళ్లీ ముంచుతుంది. మెత్తబడ్డాక ఒక కాలితో తొక్కిపట్టి చీల్చి తింటుంది. కడుపు నిండాక మిగిలింది పారేయదు. పెంకుల సందులోనో పూలకుండీలోనో దూర్చి, చుట్టూ చూసి, పక్కనున్న ఎండుటాకు తెచ్చి పైన కప్పుతుంది. ఇంకో కాకి చూస్తోందని అనుమానం వస్తే తీసి మరో చోట దాస్తుంది. ఇదంతా నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, మీరు కదలకుండా కూర్చోవాలంతే.

కొత్త వస్తువంటే కాకికి మహా అనుమానం. ఈ స్వభావం తెలిసి ఉండటం మన ఇళ్లలో ఒక సందర్భంలో చాలా అవసరమవుతుంది. మనిషి పోయిన మూడో రోజు మన దగ్గర పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పోయినాయనకు ఏ కోరిక మిగిలిందో, ఎవరి మీద కోపమో అని మాటలు లేస్తాయి, ఏడుపులు పెరుగుతాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి అది ఎంత బరువో చూసినవాళ్లకు తెలుసు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాకి వైపు నుంచి మాత్రం ఒకసారి చూడండి. ముందు రోజు లేని విస్తరి, అగరొత్తుల పొగ, చుట్టూ యాభై మంది, అందరి చూపూ దాని మీదే. అన్నం అంటే ఎంత ఆశ ఉన్నా అది దిగదు. మనిషి తనవైపు సూటిగా చూస్తున్నాడా లేదా అని కూడా కాకి కనిపెడుతుంది. అందుకని విస్తరి పెట్టాక అందరూ ముప్పై, నలభై అడుగులు వెనక్కి జరగండి. పిలుపు ఒక్కరు పిలిస్తే చాలు, మిగతావాళ్లు చూపు పక్కకు తిప్పండి. కుక్కలను దూరంగా ఉంచండి. ఎండ మండే వేళ కాకుండా పొద్దున్నే పెట్టండి. పెత్రమాస నాడు గోడ మీద పెట్టే ముద్దకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మనుషుల ముఖాలను కాకులు గుర్తు పెట్టుకుంటాయా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మాస్కులు వేసుకుని కాకులను పట్టి వదిలారు. తర్వాత అదే మాస్కు వేసుకుని ఎవరు నడిచినా కాకులు వెంటబడి అరిచాయి. అది అమెరికన్ కాకి, మనది వేరే జాతి. అయినా రోజూ ముద్ద పెట్టే ఇల్లాలు తలుపు తీయగానే మీ వీధి కాకి ఎలా ముందుకొస్తుందో, రాయి విసిరే పిల్లవాడు కనిపిస్తే ఎలా పైకి లేస్తుందో మీరే పక్కపక్కన రాసుకుని చూడవచ్చు.

చెవితో

కావ్ కావ్ అనేది ఊరకాకి మామూలు అరుపు, కాస్త ముక్కుతో పలికినట్టుంటుంది. బొంతకాకిది మొరటుగా, బొంగురుగా ఖా ఖా అన్నట్టుంటుంది. వీటికి తోడు రెండు కాకులు ఒకదాని తల ఒకటి దువ్వుకునేటప్పుడు గొంతులో గురగురమనే మెత్తని చప్పుడు చేస్తాయి. అది దగ్గరగా ఉంటేనే వినిపిస్తుంది. పిల్లినో గద్దనో గుడ్లగూబనో చూస్తే ఆగకుండా గీరినట్టు అరుస్తాయి, నిమిషంలో చుట్టుపక్కల కాకులన్నీ పోగవుతాయి. కాకిగోల అని విసుక్కునే ముందు అవి ఏ కొమ్మ వైపు ముక్కులు పెట్టి అరుస్తున్నాయో చూడండి. ఆ కొమ్మలో పగలు నిద్రపోయే గుడ్లగూబ ఉండవచ్చు. ఒక కాకి చచ్చి పడితే కూడా ఇలాగే గుమిగూడతాయి, ఆ గోల కాసేపటికి చల్లారుతుంది.

గూళ్ల కాలం

బొంతకాకి డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య గూడు పెడుతుంది. ఊరకాకి ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్, జులై దాకా. అంటే మార్చి చివరికే మీరు సిద్ధంగా ఉండాలి.

ముక్కున పుల్లతో ఎగిరే కాకి కనిపిస్తే దాన్నే చూపుతో వెంబడించండి, గూడు దొరుకుతుంది. వేప, చింత, మామిడి, రావి చెట్ల మీద కొమ్మలు చీలే చోట, ఒక్కోసారి కరెంటు స్తంభం మీద కూడా కడుతుంది. బయట ముతక పుల్లలు, లోపల కొబ్బరి పీచు, నార, గుడ్డ పీలికలు. ఇల్లు కడుతున్న చోటు పక్కనుంటే సలాకలకు కట్టే బైండింగ్ వైరు ముక్కల కోసం కాకి ఎంత తంటాలు పడుతుందో చూడండి. వంకర తిరిగిన తీగను ఒక కొసన పట్టుకుంటుంది, బరువు ఒకవైపు లాగితే కింద పెట్టి మధ్యలో పట్టుకుంటుంది, ఎగరగలనని తెలిశాకే లేస్తుంది. పూర్తిగా తీగలతోనే కట్టిన గూళ్లు కూడా ఉంటాయి. స్తంభాల మీద ఇవి షార్ట్ సర్క్యూట్ తెస్తాయి కాబట్టి కరెంటు వాళ్లు తీసేయక తప్పదు. అలాంటి గూడు కనిపిస్తే కర్రతో మీరు కదిలించే సాహసం చేయకండి.

గుడ్లు నాలుగైదు ఉంటాయి, లేత నీలి ఆకుపచ్చ మీద గోధుమ రంగు చుక్కలు. పదహారు, పదిహేడు రోజులు పొదిగితే పిల్లలవుతాయి. మరో మూడు నాలుగు వారాలకు పిల్లలు గూడు దాటి కొమ్మల మీదికి వస్తాయి. ఈ లెక్క గుర్తుంటే, మొదట పొదగడానికి కూర్చున్న రోజు నుంచి ఏది ఎప్పుడు జరగాలో ముందే రాసుకోవచ్చు.

ఈ కాలంలో గూటి కింద నడిచేవాళ్లను కాకి వెనుక నుంచి వచ్చి నెత్తి మీద తన్నుతుంది. పిల్లలు గూడు దాటే వారంలో మరీ ఎక్కువ. కాకి తంతే అరిష్టమని భయపడి స్నానాలకు, పూజలకు పరుగెత్తేవాళ్లు ఒక్కసారి తలెత్తి చూస్తే పైన గూడు కనిపిస్తుంది. ఆ రెండు మూడు వారాలు గొడుగు వేసుకోండి, లేదా అవతలి వైపు నడవండి. పిల్లలు ఎగిరిపోగానే అదే ఆగిపోతుంది.

గూడు చూడటానికి చెట్టెక్కవద్దు. గోడ చాటునో కిటికీలోంచో, కాకి మిమ్మల్ని పట్టించుకోనంత దూరం నుంచి చూడాలి. మీరు వచ్చినప్పుడల్లా తల్లి లేచిపోతుంటే మీరు మరీ దగ్గరున్నారని అర్థం. మన మే నెల ఎండలో నీడ లేని గుడ్లకు, పిల్లలకు కాసేపు కూడా ప్రమాదమే.

కోకిల వచ్చిందంటే

మామిడి తోటలో కోకిల కూస్తే కవిత్వం గుర్తొస్తుంది, కాకికి మాత్రం అది యుద్ధ వార్త. మగ కోకిల గూటికి దగ్గర్లో కనబడి కూస్తుంది. కాకులు దాన్ని తరుముకుంటూ పోతాయి. ఆ సందులో గోధుమ రంగు మీద తెల్ల మచ్చలున్న ఆడ కోకిల గూట్లోకి దూరి గుడ్డు పెట్టి వస్తుంది. ఆ గుడ్డు కాకి గుడ్డు కంటే చిన్నది, రంగు దగ్గరగానే ఉంటుంది. కోకిల పిల్ల ముందుగా బయటికి వస్తుంది కాబట్టి తిండిలో సింహభాగం దానిదే అవుతుంది. పక్క గుడ్లను, పిల్లలను తప్పనిసరిగా తోసేయదు, అందుకే ఒకే గూట్లో కాకి పిల్ల, కోకిల పిల్ల కలిసి పెరగడం కూడా చూడవచ్చు. జూన్, జులైలో చెట్ల మీద నోరు తెరిచి అరిచే పిల్లకు కాకి తిండి పెడుతుంటే ఆ పిల్లను జాగ్రత్తగా చూడండి. తోక పొడవుగా, ఒంటి మీద లేత చుక్కలు ఉంటే అది కోకిల పిల్ల. నాకైతే ఏడాదిలో ఇంతకు మించిన దృశ్యం లేదు.

గూళ్ల కాలం ముగిశాక వానల్లో పెద్ద కాకుల ఈకలు రాలి కొత్తవి వస్తాయి. రెక్కల్లో సందులతో, మెడ దగ్గర చిందరవందరగా కనిపిస్తాయి. దసరా నాటికి మళ్లీ నిగనిగలాడతాయి.

పొద్దుగూకే వేళ

సాయంత్రం భద్రకాళి బండ్ మీద గానీ, ఏదైనా ఎత్తైన మేడ మీద గానీ నిలబడి ఆకాశం చూడండి. సూర్యాస్తమయానికి గంట ముందు నుంచి కాకులు రెండు మూడుగా, తర్వాత పదులుగా ఒకే వైపు పోతుంటాయి. అవి రాత్రి కలిసి నిద్రపోయే చెట్ల వైపు పోతున్నాయి. మొదటి రోజు దిక్కు మాత్రం రాసుకోండి. మర్నాడు ఆ దిక్కులో కిలోమీటరు ముందుకు పోయి నిలబడండి. మూడు నాలుగు సాయంత్రాల్లో ఆ చెట్లు దొరుకుతాయి. దొరికాక చీకటి పడేదాకా ఉండండి. చోటు కోసం తోపులాట, లేచి మళ్లీ వాలడం, ఆ చప్పుడంతా పూర్తి చీకటి పడ్డాకే సద్దుమణుగుతుంది.

లెక్క వేయాలంటే పోయే దారిలో నిలబడి ఐదు నిమిషాల్లో మీ తల మీదుగా ఎన్ని దాటాయో లెక్కపెట్టండి. గుంపు పెద్దదైతే పది పదిగా లెక్కించండి. చెట్టు మీద కూర్చున్నాక లెక్కపెట్టాలని చూస్తే అది కాకిలెక్కే అవుతుంది.

రాసుకోవడం

తేదీ, టైం, చోటు, ఎండా వానా, ఎన్ని కాకులు, ఏం చేశాయి. ఇంతకు మించి అక్కర్లేదు. చూసింది ముందు రాయండి, మీ ఊహను దాని కింద వేరుగా రాయండి. "కాకి కోపంగా ఉంది" అని రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. "మెడ ఈకలు నిక్కబొడుచుకుని, ముందుకు వంగి, పక్క కాకి తోక ఈక లాగింది" అని రాస్తే ఎప్పటికైనా పనికొస్తుంది. ఈబర్డ్ యాప్‌లో మీ లెక్కలు పెడితే శాస్త్రవేత్తలకూ అందుతాయి. ఫిబ్రవరిలో ప్రపంచమంతటా జరిగే పక్షుల లెక్కింపులో మీ మేడ మీది నుంచే పాల్గొనవచ్చు. చాలామంది అరుదైన పిట్టలను రాసి కాకిని వదిలేస్తారు, మీరు వదలకండి.

కింద పడిన పిల్ల, దెబ్బ తగిలిన కాకి

ఈకలు వచ్చి, గెంతుతూ, తోక పొట్టిగా, నోరు లోపల ఎర్రగా ఉన్న కాకి పిల్ల కింద కనిపిస్తే చాలావరకు అది తప్పిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు పైనే ఉంటాయి. కుక్కలు, బండ్లు తగలకుండా పక్కనున్న గోడ మీదో తక్కువ ఎత్తు కొమ్మ మీదో పెట్టి తప్పుకోండి. ఇంటికి తెచ్చి పెంచాలనుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఊరకాకి ఎలుకలతో పాటు ఐదో షెడ్యూల్‌లో, అంటే హాని చేసే జీవుల జాబితాలో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించాక, 2023 ఏప్రిల్ 1 నుంచి అది రెండో షెడ్యూల్ కింద రక్షణ ఉన్న పక్షి. పట్టడం, పెంచడం, చంపడం నేరం.

సంక్రాంతి రోజుల్లో రెక్కకు మాంజా చుట్టుకుని వేలాడే కాకులు కనిపిస్తాయి. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా గాలిపటాల సీజన్‌లో దారాలు చెట్ల మీద మిగిలిపోతూనే ఉన్నాయి. పక్షి అందితే ముందు దాని మీద మెత్తటి గుడ్డ కప్పండి, చీకటిలో అది శాంతిస్తుంది. దారాన్ని లాగకుండా కత్తెరతో ముక్కలుగా కత్తిరించండి. గాయం ఉంటే గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి పశువైద్యుడి దగ్గరికో అటవీశాఖ వాళ్లకో చేర్చండి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అసలే వద్దు. కరెంటు తీగల దగ్గర చిక్కుకుంటే మీరు కర్ర ఎత్తకుండా కరెంటు వాళ్లకు ఫోన్ చేయండి.

ఒకే చోట నాలుగైదు కాకులు ఒకటి రెండు రోజుల్లో చచ్చి పడితే చేత్తో తాకవద్దు, పిల్లలను దూరంగా ఉంచండి. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో బర్డ్ ఫ్లూ బయటపడింది ఇలా చచ్చిన కాకుల వల్లే. దగ్గర్లోని పశువైద్యశాలకు వెంటనే చెప్పండి. మీ నోట్‌బుక్‌లో తేదీ, చోటు, ఎన్ని కాకులు, చనిపోయే ముందు ఎలా ప్రవర్తించాయి అని రాసి ఉంటే ఆ పేజీ వాళ్లకు చూపించండి.